గంధం కింద గీత

మా పక్కింటి వదిన మంగళవారం ఉదయం కన్నుమూసింది. చూడవచ్చిన మీరంతా వాకిట్లో కూర్చుని ఆమెను ‘గుండె ధైర్యం గల మనిషి’ అన్నారు. పోయినవాళ్లకు లేనివి అంటగట్టడం మనకు అలవాటే గాని, ఇది మాత్రం ఒప్పుకోను. మా వదినంత భయస్తురాలిని నేనెక్కడా చూడలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. చెల్లెలి కాలేజీ చదువు ఆగకూడదని ఆమె కొడుకు ఇంటర్ కాగానే మిలిటరీలో చేరాడు. అడవి అంచున ఉన్న మా ఊళ్లో ఆ సంగతి పొక్కితే, లోపలి నుంచి అన్నలు వచ్చి కొలువు మానిపించమనేవారు. మానకపోతే ఏమవుతుందో ఎవరూ పైకి అనేవారు కారు. అందుకని పిల్లవాడు పుణెలో బిస్కెట్ల ఫ్యాక్టరీలో ఉన్నాడని చెప్పింది. ఏం బిస్కెట్లని ఎవరో అడిగితే బిక్కమొహం వేసింది. ఉప్పువని నేనే అందించాను.

సెలవుకొస్తే ఆ మిలిటరీ క్రాపు చాలు పట్టివ్వడానికి. అందుకే భద్రాచలంలో దిగి, గుండు గీయించుకుని, గంధం పూసుకునే ఊళ్లోకి రావాలని వదిన హుకుం.

“ఏంది వదినా, ఏటేటా గీ మొక్కు? మీవోని జుట్టు లేకుంటే రాముడికి పొద్దు పోదా?” అన్నాను.

“నవ్వకు వదినా, ఎవలన్న ఇంటరు.”

గుండు చేయించాక అసలు చిక్కు బయటపడింది. టోపీ పక్కకు వాల్చి పెట్టుకుని ఎండలో నిలబడ్డ నుదురు. నలుపూ తెలుపూ ఏటవాలుగా విడిపోయి, గీత కొట్టొచ్చినట్టు కనిపించింది. వదిన గంధాన్ని కనుబొమల దాకా మెత్తింది.

ఒక వేసవి మధ్యాహ్నం అన్నలు ముగ్గురు వదిన ఇంటికి వచ్చి అన్నం పెట్టమన్నారు. కూర ఇద్దామని వెళ్లిన నేను గిన్నెతో గుమ్మంలోనే నిలబడ్డాను. వాళ్లలో పెద్దవాడు పిల్లవాడికి ఎదురుగా కూర్చున్నాడు. చెమటకు గంధం కరిగి జారుతోంది.

“మొక్కు దేనికి తమ్మీ?”

పిల్లవాడి కంటే ముందే “చెల్లె సదువుకు అన్నా,” అంది వదిన. గరిటెలోని చారు పళ్లెంలో కాక చాప మీద పడింది.

“కండ్లల్లకు కారుతుంది. తుడుసుకో తమ్మీ.”

“తుడువొద్దు! దేవుని గంధం. పొద్దుగూకేదాంక ఉండాలె!” వదిన కీచుమని అరిచింది.

అతను ఆ నుదుటి వైపు చాలాసేపు చూశాడు. అన్నం ముగించి, చెయ్యి కడుక్కుని, గడప దాటుతూ అన్నాడు: “బిడ్డను మంచిగ సదివించు అక్కా.”

అది దీవెనో హెచ్చరికో మాకు ఇప్పటికీ తెలియదు. వదిన మాత్రం హెచ్చరికే అనుకుంది. కూతురి చదువు పూర్తయ్యేదాకా కొడుకును ఊరి పొలిమేర తొక్కనివ్వలేదు. పర్ణశాలలో, యాత్రికుల గుంపులో వాణ్ణి కలిసేది. నాలుగు ముద్దలు తినిపించి, వాడు బస్సెక్కేదాకా అటూ ఇటూ చూస్తూనే ఉండేది. ఆ బిడ్డ ఇప్పుడు ఖమ్మంలో లెక్చరర్. భయపడుతూనే పని కానివ్వొచ్చని నేను ఏ బడిలోనూ నేర్చుకోలేదు. ఆమె ప్రహరీ ఇవతల నుంచి నేర్చుకున్నాను.

కొడుకును ఒక్కసారి మిలిటరీ డ్రెస్సులో చూసుకోవాలని భద్రాచలంలో వాడితో కలిసి ఫొటో తీయించుకుంది. దాన్ని పెద్దది చేయమని ఖమ్మం బస్టాండు ఎదుటి స్టూడియోలో ఇచ్చాం. పెద్దకర్మకు అటు నుంచి వచ్చేవాళ్లు తెచ్చిపెట్టండి. అందులో వాడు కెమెరాకేసి నిటారుగా చూస్తుంటాడు. ఆమె వాడి మోచెయ్యి రెండు చేతులా పట్టుకుని, తలుపు వైపు చూస్తుంటుంది. కంప్యూటర్లో ఆ కళ్లు ముందుకు తిప్పుతానంటున్నాడు స్టూడియో ఆయన. వద్దని గట్టిగా చెప్పండి.