ఉగాదికి పూసిన జాస్వంద

పర్శరాములుకు మగ్గం నడపడం తప్ప ఇంకో లోకం తెలియదు. ఇంటి సంగతులన్నీ భార్య ఐలవ్వవే. ముంబై దగ్గరి భివండిలోని నాగావ్‌లో పవర్‌లూముల చప్పుడు మధ్య బతుకంతా గడిపిన మనిషి, ఆమె ఏం చెప్పినా తల ఊపేసేవాడు. విన్నాడో లేదో ఆ దేవుడికే తెలియాలి!

ఐలవ్వకు ఒక్కటే పిచ్చి, మందార చెట్టు. ఆ ఊళ్లో మందారాన్ని అందరూ జాస్వంద అనే అంటారు. తోపుడు బండి వాడి దగ్గర గీచిగీచి బేరమాడి తెచ్చి, గది ముందు పాత నూనె డ్రమ్ములో నాటుకుంది. మామూలు మందారమా అది? వానలు పడ్డాయంటే అన్నం తినే పళ్లెమంత పూలు! ఆ వరసగదుల చాల్‌లోని ఆడవాళ్లు "ఒక్కటియ్యవే" అని వెంటపడేవాళ్లు.

"పొద్దుగూకితే వాడిపోతది, ఏం జేసుకుంటరే? చూసి పోన్రి," అని మురిసిపోయేది.

మాఘమాసంలో కడుపునొప్పి ముదిరి ఆమెను ముంబైలో పెద్దాసుపత్రిలో చేర్పించాల్సి వచ్చింది. శుక్రవారం మగ్గాలకు సెలవు. ఆ ఒక్కరోజు పర్శరాములు వెళ్లి చూసి వచ్చేవాడు.

ఉగాదికి గదికి సున్నం వేస్తూ డ్రమ్ము వైపు చూస్తే, అన్నీ ఎండు పుల్లలే. ఎక్కడా పచ్చి లేదు. సచ్చిన చెట్టు ఇంటి ముందు అరిష్టం అనుకుని వేళ్లతో సహా పీకి చెత్తబండిలో పడేశాడు. మంచి పనే చేశాననుకున్నాడు, పిచ్చి మారాజు.

ఆ శుక్రవారమే డాక్టరు అతన్ని పక్కకు పిలిచాడు. ఇక మా చేతుల్లో ఏమీ లేదు, ఇంటికి తీసుకుపోయి ఇష్టమైనవి పెట్టండి అన్నాడు. పర్శరాములు కళ్లు తుడుచుకుని మంచం దగ్గరికి వచ్చాడు.

"ఏమన్నడు డాక్టరు?" అంది ఐలవ్వ.

"తగ్గుతదన్నడు. వచ్చే వారం ఇంటికి తోల్కపొమ్మన్నడు."

"నా జాస్వంద ఎట్లున్నది?"

ఆ క్షణంలో ఆమె నవ్వితే చాలనిపించింది అతనికి. "మస్తుగున్నదే! మొగ్గలేసింది. నిన్న ఒకటి పూసింది గూడ."

ఐలవ్వ అతని మొహం వంకే చాలాసేపు చూసింది. "గట్లనా, మంచిది," అని అటు తిరిగి పడుకుంది.

ఇక ఆ వారమంతా పర్శరాములు కాలు నిలవలేదు. పని మానుకుని భివండిలో మొక్కల బండ్లన్నీ వెతికాడు. "వో బడావాలా? బారిష్ మే ఆనా," ఆ పెద్ద పూలదైతే వానల్లోనే దొరుకుతుంది, అప్పుడు రా అన్నారంతా. చివరికి మామూలు ఎర్ర మందారం కొనుక్కొచ్చి డ్రమ్ములో నాటాడు.

ఆటో దిగిన ఐలవ్వ గడప మీద కూర్చుంది. చెయ్యి చాపి ఒక ఆకు పట్టి చూసింది.

"గిది నా చెట్టు గాదు."

పర్శరాములు కుప్పకూలాడు. "ఎండిపోయిందే. నేనే పీకేసిన. నా చేతులు ఇరగ!"

"అది చలికి ఎండుతది. ఎండలు ముదిరినంక మళ్ల చిగురేస్తది. వేరు బతికే ఉంటదని పోయేటప్పుడు చెప్పిన. తల ఊపినవు."

అతను పసిపిల్లాడిలా భోరుమన్నాడు. ఐలవ్వ కొంగుతో అతని మొహం తుడిచింది.

"ఏడ్వకు. చెట్టు పోతె పోయింది. అది ఉగాదికి ఎన్నడన్న పూసిందా? పూసిందని నువ్వన్నప్పుడే నాకు ఎరికైంది."

"చెట్టు పోయిందనా?"

"నేను పోతనని. ఇన్నేండ్లల్ల నాతోటి ఒక్క అబద్ధమాడని మనిషివి. డాక్టరు ఏం చెప్తే ఆడినవో తెల్వదా నాకు? నువ్వు చెప్పలేక సస్తున్నవనే నేను మళ్ల అడగలే."