ప్రకాశం జిల్లా, పదకొండో స్థానం

రామాంజనేయులుగారికి ఒకటే పిచ్చి. ఎదురుపడ్డ మనిషిది ఏ కౌంటీయో, అంటే ఇంగ్లండులో ఏ జిల్లాయో కనుక్కోవడం, ఆ కౌంటీ స్కూలు పిల్లలు ఫుట్‌బాల్ కప్పు ఎన్నిసార్లు గెలిచారో చెప్పడం, దాన్నిబట్టి ఆ మనిషి ఎలాంటివాడో అక్కడికక్కడే తేల్చేయడం. పేరు తర్వాత. క్షేమసమాచారం ఇంకా తర్వాత, గుర్తుంటే.

హాంప్‌షైర్ కౌంటీలోని బేసింగ్‌స్టోక్‌లో ఉన్న తెలుగువాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. ఇంగ్లీషువాళ్ళకూ తెలుసు. ఒకసారి క్లినిక్కులో డాక్టరు ఆయన పొట్ట నొక్కి చూస్తుంటే, "డాక్టరుగారూ, మీది యార్క్‌షైర్ గదా?" అన్నారట. డాక్టరు ఆశ్చర్యపోయి ఎలా తెలిసిందని అడిగాడు. "నొక్కితే వదలడంల్యా. యార్క్‌షైర్ డిఫెన్సు అట్లే ఉంటాది" అన్నారట.

ఆయన ఊరి కౌన్సిల్ పార్కుల శాఖలో ఇరవై రెండేళ్ళు పనిచేశారు. పొద్దున్నే వ్యాన్ వేసుకుని మైదానం మైదానం తిరిగి ఫుట్‌బాల్ ఆటస్థలాలకు సున్నపు గీతలు కొట్టడం పని. గీత కొట్టినవాడు ఆట చూడకుండా ఎలా పోతాడు? చూశారు. చూసింది ఒక నోట్‌బుక్కులో రాశారు. రిటైరయ్యారు గాని నోట్‌బుక్కు రిటైరు కాలేదు.

అందులో మూడు వరసలు. మొదటి వరసలో కౌంటీ పేరు, దాని ముందు స్థానం అంకె. మూడో వరసలో గెలిచిన కప్పుకొక నిలువు గీత. మధ్య వరసే ఆయన సొంత తెలివి: ఆ కౌంటీకి సరిపోయే మన జిల్లా.

"డర్హమ్ అంటే మా అనంతపురం. ఆడ బొగ్గు తవ్వినారు, ఈడ శెనక్కాయ తవ్వినాం. తవ్వేటోళ్ళ పిల్లోళ్ళే గోలు కొడతారు" అనేవారు. లాంకషైర్ గుంటూరట, ఘాటు ఎక్కువ. సర్రే విశాఖపట్నమట, చూడ్డానికి బాగుంటుంది గాని కప్పు రాదట.

ఆ పట్టిక దగ్గర ఆయనకు దయాదాక్షిణ్యాలు లేవు. భార్య లక్ష్మీబాయిగారి చెల్లెలు లాంకషైర్‌లో ఉండేది. చెల్లెలు చుట్టపుచూపుగా వస్తోంది, ఆ వారం రోజులూ లాంకషైర్‌ని ఒక్క మెట్టు పైకి జరపమని ఆవిడ మూడు రోజులు బతిమాలింది. "పట్టిక అంటే పట్టికే" అన్నారాయన. "పెళ్ళిచూపుల్లో కూడా ఈయన నా మొహం చూడలే. మీది ఏ జిల్లా అన్నాడు. అప్పుడే లేచిపోవాల్సింది నేను" అని ఆవిడ ఇప్పటికీ అంటూనే ఉంటుంది.

అలాంటి మనిషి నిర్మలాదేవి ఇంటికి పరామర్శకు వచ్చారు.

రెండువేల మూడు ఫిబ్రవరి. ఆమె భర్త విజయభాస్కర్ పోయి పదకొండు రోజులైంది. హాలు నిండా మనుషులు. ఎవరికీ ఏం మాట్లాడాలో తెలియక టీ చల్లారబెట్టుకుంటున్నారు. నిర్మలాదేవి మూలకు కూర్చుని కార్పెట్ చూస్తోంది. రామాంజనేయులుగారు ఎదురుగా కూర్చుని గొంతు సవరించుకున్నారు.

"అమ్మణ్ణీ, నీది ఏ జిల్లా?"

హాలంతా ఉలిక్కిపడింది. లక్ష్మీబాయిగారు ఆయన మోకాలి మీద గిల్లారు.

"ప్రకాశం" అంది నిర్మలాదేవి.

ఆయన జేబులోంచి నోట్‌బుక్కు తీశారు. ఇంకో జేబులోంచి పెన్సిలూ రబ్బరూ తీశారు. అందరూ నోరు తెరుచుకుని చూస్తుండగా కాసేపు ఏదో చెరిపారు, ఏదో రాశారు, రబ్బరు పొట్టు ఊదేశారు.

"మన హాంప్‌షైరే ప్రకాశం. పట్టికలో పదకొండో స్థానం. బాగల్యా. ఇది సరిచేయాల" అని లేచి వెళ్ళిపోయారు.

ఆయన్ని వారం రోజులు ఊరంతా తిట్టుకుంది. నిర్మలాదేవి మాత్రం తిట్టలేదు. పదకొండు రోజుల్లో ఆమెను ఏడిపించకుండా ప్రశ్న అడిగిన మనిషి ఆయనొక్కడే.

ఆ తర్వాత ఇల్లు నిశ్శబ్దమైపోయింది. భర్త నడిపే నీలం కారు ఇంటిముందే నిలబడిపోయి, అద్దాల అంచున పచ్చగా నాచు పట్టింది. పద్నాలుగేళ్ళ కూతురు లాస్య స్కూలు ఫుట్‌బాల్ టీములో డిఫెండరు. మ్యాచులకు ఎవరి పిల్లను వాళ్ళే తీసుకెళ్ళాలి. లాస్య రెండుసార్లు స్నేహితురాలి కారులో వెళ్ళింది. మూడోసారి అడగడం ఇష్టంలేక టీమే మానేసింది.

"ఎందుకు మానేశావే?"

"ఇట్స్ ఫైన్, మమ్. బోర్ కొట్టింది."

బూట్లు మాత్రం మంచం కింద తుడిచి పెట్టి ఉన్నాయి. బోర్ కొట్టిన ఆట బూట్లు ఎవరు తుడుస్తారు? నిర్మలాదేవి చదివింది ఏడో తరగతే గాని, ఆ మాత్రం లెక్క తెలుసు.

జూన్‌లో రామాంజనేయులుగారు తలుపు కొట్టారు.

"అమ్మణ్ణీ, కండ్లు మసకైనాయి. డాక్టరు డ్రైవింగ్ వద్దన్నాడు. ఆండోవర్‌లో స్కూలు పిల్లోళ్ళ మ్యాచి ఉండాది. చూడకుండా పట్టికలో గీత యాడ పెట్టేది? మీ కారు ఊరికే ఉండాది. నువ్వు తోలు."

"నాకు రాదన్నయ్యగారూ."

"నేర్చుకో. ఎల్ బోర్డు పెట్టుకో, నేను పక్కన కూర్చుంటా."

"నావల్ల కాదండీ."

ఆయన పెద్దగా నిట్టూర్చి వెనక్కి తిరిగారు. "సర్లే. ప్రకాశం వాళ్ళు ఇంతే. అందుకే పదకొండు."

"ఏంటండీ ఇంతే?" అంది నిర్మలాదేవి. తన గొంతు తనకే కొత్తగా వినపడింది. "ఒంగోలు ఎడ్లను చూశారా ఎప్పుడైనా? మావాళ్ళు ఏదన్నా పట్టుకుంటే వదలరు."

"చూపీ మల్ల."

చూపించింది. భర్త పొడగరి, సీటు బాగా వెనక్కి ఉండేది. దాన్ని జరపడానికి ఆమెకు చేయి రాలేదు. వీపు వెనక రెండు దిళ్ళు పెట్టుకుని స్టీరింగు పట్టుకుంది.

బేసింగ్‌స్టోక్‌లో ఇళ్ళకంటే రౌండబౌట్లు ఎక్కువ. వాటిలోకి వెళ్ళడం ఆమెకు మూడోరోజే వచ్చింది. బయటికి రావడం మూడు నెలలు రాలేదు.

"మూడు ప్రదక్షిణాలైనాయి అమ్మణ్ణీ. ఇంగ తీర్థం తీసుకోని బయటికి రా."

"ఎటు రావాలో చెప్పండి!"

"నాకు బోర్డు కనపడితే గదా. మసక. అదో, ఆ దూరంగా చిన్నక్షరాలతో ఆండోవర్ అని ఉండాదే, అట్లా తిప్పు."

ఆయన మసక ఆ రకం మసక. మైదానం ఒడ్డున నిలబడి, అవతలి గోలు దగ్గరున్న పిల్ల బూటు లేసు ఊడిందని కేకలేసేవారు.

వెనకసీట్లో లాస్య కూర్చునేది. మొదట చెవుల్లో పాటలు పెట్టుకుని, తర్వాత పెట్టుకోకుండా. సెప్టెంబరులో ఒకరోజు కిట్ బ్యాగుతో కారెక్కింది. రామాంజనేయులుగారు వెనక్కి తిరక్కుండానే, "డిఫెండరు బంతిని చూడకూడదు, మనిషిని చూడాల" అన్నారు.

థియరీ పరీక్షకు లాస్యే పుస్తకం చదివి, వచ్చీరాని తెలుగులో చెప్పేది. ఒక సాయంత్రం చదువుతూ ఆగిపోయింది.

"మమ్, లిసన్. ఎల్ బోర్డు వాళ్ళ పక్కన కూర్చునే పర్సన్‌కి ఫుల్ లైసెన్స్ ఉండాలి. త్రీ ఇయర్స్. కళ్ళు కూడా బాగా కనపడాలి. అంకుల్‌కి..."

నిర్మలాదేవి చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. చేతులు ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలాయి.

"తర్వాతి పేజీ చదువు" అంది.

అక్టోబరు డ్రైవింగ్ పరీక్షలో తప్పింది. రౌండబౌట్ దగ్గర పరీక్ష పెట్టే ఆయన రెండో దారి అన్నాడు. రెండోది దాటిపోయింది, ఇంకో చుట్టు తిరిగింది, అదీ దాటిపోయింది. నాలుగో చుట్టులో ఆయన పెన్నుకు మూత పెట్టేశాడు. వచ్చి రామాంజనేయులుగారికి చెబితే ఆయన పగలబడి నవ్వి, "ఆయప్పకు పుణ్యమొచ్చిందిలే" అన్నారు. ఆమెకూ నవ్వొచ్చింది. మర్నాడు పొద్దున ఆయన రాకముందే దిళ్ళు సర్దుకుని కారులో కూర్చుంది.

మార్చిలో ప్యాసైంది. అది సరైన సమయానికే అయింది, ఎందుకంటే లాస్య స్కూలు ఎవరూ అనుకోకుండా మే నెల ఫైనల్‌కి వెళ్ళింది. అవతలివాళ్ళు డర్హమ్ స్కూలువాళ్ళు. ఆట కోవెంట్రీ దగ్గర. మోటర్‌వే మీద పోవాలి, దాని మీదికి ఎల్ బోర్డుతో పోనివ్వరు.

ముందురోజు రామాంజనేయులుగారు ఫోన్ చేశారు.

"అనంతపురం మీద ప్రకాశం. నేను యాపక్క నిలబడేది? ధర్మసంకటం. పైగా మోకాలు నొప్పి. రాను. నువ్వే పో."

"ఒక్కదాన్నేనా?"

"పదకొండో స్థానంవాళ్ళు పోలేకపోతే ఎవురూ ఏమీ అనుకోరులే" అని పెట్టేశారు.

మర్నాడు పొద్దున లాస్య పక్కసీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. నిర్మలాదేవి వీపు వెనక నుంచి దిళ్ళు తీసి వెనకసీట్లో పడేసింది. సీటు కింద మీట పట్టుకుని లాగింది. సీటు కిర్రుమని ముందుకు జరిగింది. పాదాలు సరిగ్గా అందాయి. లాస్య చూసింది, కిటికీ వైపు తిరిగింది, తల్లి చేతిమీద చెయ్యి వేసి తీసేసింది.

ఎం ఫార్టీ మోటర్‌వే మీద లారీలు గోడల్లా పక్కన వెళ్తున్నాయి. ఆమె ఎడమ వరస వదల్లేదు, వెనక హారన్లకు జడవలేదు. రెండు గంటలు పట్టింది. మైదానం దగ్గర ఇంజను ఆపాక, "వచ్చేశాం" అంది, తనకు తానే చెప్పుకున్నట్టు.

ఆట మొదలైంది. లాస్య బంతిని చూడలేదు, మనిషినే చూసింది. డర్హమ్ పొడుగమ్మాయి ఎటు వెళ్తే అటు అంటుకుపోయింది. అంతలో ఒడ్డున ఎవరో అరిచారు. "వదలొద్దు లాస్యమ్మా! ఒంగోలు గిత్తా!"

గొడుగు కింద రామాంజనేయులుగారు. నిలబడింది హాంప్‌షైర్ వైపు.

నిర్మలాదేవి దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"ఎవురూ? నిర్మలమ్మా? గొంతు... ఆ, గొంతును బట్టి కనుక్కున్నా" అన్నారాయన, ఆమె ఇంకా నోరు తెరవకముందే.

"ఎలా వచ్చారన్నయ్యగారూ?"

"బస్సులో."

"బస్సు తాళాలు మీ చేతికిచ్చి పంపారేంటి?"

ఆయన తన చేతిలోని కారు తాళాలు చూసుకున్నారు. జేబులో వేసుకోబోయి నోట్‌బుక్కు కింద పడేసుకున్నారు. నిర్మలాదేవి వంగి తీసింది. హాంప్‌షైర్ పేజీ. గీతలు లెక్కపెట్టింది. పైనున్న పేర్ల గీతలూ లెక్కపెట్టింది. పదకొండు అంకె కింద కాగితం పల్చబడి ఉంది. చెరిపిన చోట పాత అంకె ఇంకా కనిపిస్తోంది.

"ఇది నాలుగు కదండీ."

ఆయన గొడుగు ముందుకు వంచుకున్నారు.

"పట్టిక అంటే పట్టికే అన్నారు. వదిన మూడు రోజులు బతిమాలినా ఒక్క మెట్టు జరపలేదు. మా ప్రకాశాన్ని ఏడు మెట్లు కిందికి తోశారే!"

"తోస్తే గానీ నువ్వు లేచేటట్ల్యావు" అన్నారు రామాంజనేయులుగారు.

డర్హమ్ రెండు, హాంప్‌షైర్ ఒకటి. లాస్య ఓడిపోయి, మోకాళ్ళనిండా బురదతో, నవ్వుతూ వచ్చింది. ఆయన డర్హమ్ పక్కన ఒక గీత పెట్టారు. అది న్యాయం. తర్వాత రబ్బరు తీసి పదకొండు చెరిపేసి, అక్కడ అసలు ఉండాల్సిన నాలుగు మళ్ళీ రాశారు. రబ్బరు అక్కడితో ఆగలేదు. ఇంకో పేరు దగ్గరికి వెళ్ళింది.

"అదేంటండీ, మళ్ళీ?"

"వార్విక్‌షైర్. మన మెదక్. ఆరో స్థానం." చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "మీ వెనక వీధికి పుష్పలీల అని కొత్తగా ఒకామె వచ్చింది. మెదక్ జిల్లా. ఆర్నెల్లుగా గడప దాటల్యా. మొగుడు పొద్దున పోతే రాత్రికి వస్తాడు. ఆరో స్థానంలో ఉంటే ఎవురికైనా రోషం యాడ నుంచి వస్తాది? పద్నాలుగు చేస్తాండా."

నిర్మలాదేవి తన సంచీ తెరిచింది. రెండు నెలలుగా ఎందుకు మోస్తోందో తనకే తెలియని ఎల్ బోర్డులు రెండూ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"పద్నాలుగు చాలదన్నయ్యగారూ. పదిహేడు వేయండి" అంది. "కళ్ళు జాగ్రత్త. ఆవిడ ముందు దూరపు బోర్డులు చదవకండి."