పాప మోకాలి కొలత

పులికాట్ సరస్సులో మమ్మల్ని తిప్పిన పడవాయన ముందుగా ఒక పని చేసేవాడు. పడవలో అందరికంటే చిన్నబిడ్డను పడవ నెట్టే తన గెడకర్ర పక్కన నిలబెట్టి, ఆ బిడ్డ మోకాలి ఎత్తున కర్రకు గుడ్డపీలిక కట్టేవాడు. దిగే చోటల్లా గెడ గుచ్చి చూసేవాడు. పీలిక బురదలో మునిగితే అక్కడ ఎవరినీ దించడు.

పంతొమ్మిది వందల అరవైల మొదట్లో ఒకసారి ఆ కొలత మా నాలుగేళ్ల పాపది. ఎర్రరెక్కల కొంగలను దగ్గరగా చూపిస్తానని బావమరిది కుటుంబానికి గొప్పలు చెప్పి తీసుకొచ్చాను. కొంగలున్న తిప్ప దగ్గర పీలిక మునిగింది.

"దిగబాకండి సామీ. ఇసకదిబ్బకు పోదాం, బిడ్డలు ఆడుకుంటారు," అన్నాడు పడవాయన.

"ఎక్కడ దిగాలో నాకు తెలుసు," అని పాపను ఎత్తుకోబోయాను. ఆయన పాపను తన వెనక్కి తీసుకున్నాడు.

"మీరు దిగండి. బిడ్డను మాత్రం ఇయ్యను."

పంతానికి దూకి, తొడల దాకా దిగబడ్డాను.

"బావా, కొంగలు బాగా కనపడతున్నాయా?" అని బావమరిది నవ్వాడు. పడవాయన నవ్వలేదు, గెడ అందించి పైకి లాగాడు.

ఇసుకదిబ్బ మీద పిల్లలు సాయంత్రం దాకా పీతల వెంట పరుగెత్తారు. నేను ఆయనకు క్షమాపణ చెప్పలేదు, పేరైనా అడగలేదు. వెళ్లేటప్పుడు ఆయన పీలిక విప్పి పాప చేతికిచ్చాడు.

"పడవ యాడ ఆగాలో నా మోకాలే చెప్పింది!" అని ఇంటికొచ్చాక పాప ఆ పీలికను వీధంతా చూపించుకుంది. ఆ పడవ ఎక్కానని నేనూ ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను, బురద సంగతి దాచకుండా.