రూతమ్మగారి సిర్కులో

ఈ పొద్దున కింది పోర్షన్ వాళ్ళ పెనం మీద మొక్కజొన్న రొట్టె మాడింది. ఆ వాసన మెట్లెక్కి మా వంటింటి కిటికీ దాటేసరికి నాకు ఒక మహాకావ్యం రాయాలనిపించింది. సముద్రాలు దాటి, పరాయి గడ్డ మీద ఒంటరిగా నిలబడి, అక్కడి భాషను గుండెల్లో దాచి తెచ్చి, ఉక్కు కొలుముల ఊరిలో దీపంలా వెలిగించిన ఒక మహా వనిత గాథ. మొదటి వాక్యం రాసి చదువుకున్నాను. రూతమ్మగారు చూస్తే "ఎవరమ్మా ఈవిడ, మనకి తెలుసునా?" అని అడిగేవారు. కాబట్టి నిజం చెప్పేస్తాను. ఇది మహాకావ్యం కాదు. భిలాయిలో, వైశాలి నగర్‌లో, అద్దెకు తీసుకున్న రెండు గదుల్లో కూర్చుని పదహారు మంది చిన్నపిల్లలకు రొట్టె గుండ్రంగా ఉంటుందని చెప్పిన ఒకావిడ సంగతి. రొట్టె గుండ్రంగా ఉంటుందని పిల్లలకు ముందే తెలుసు.

నేను ఆవిడ దగ్గర చేరింది పిల్లల మీద ప్రేమతో కాదు. బ్యాంకు పరీక్ష రెండోసారి పోయింది. సెక్టర్ 2లోని మా క్వార్టర్‌లో సోఫా మీద నేను పడుకునే తీరు చూసి చూసి మా అమ్మకు విసుగొచ్చింది. కూరగాయల బజారులో పరిచయమైన రూతమ్మగారికి బడిలో తోడు కావాలని తెలియగానే నన్ను లేపి కూర్చోబెట్టింది. "ఇంట్లో కూకుని గోడలకి జోకులు చెప్పే బదులు అక్కడికెళ్ళి చెప్పు. పిల్లలైనా నవ్వుతారు" అంది. ఆ మాట తర్వాత ఎంత పని చేస్తుందో మా అమ్మకూ తెలియదు, నాకూ తెలియదు.

రూతమ్మగారికి అప్పటికి అరవై దాటింది. పొట్టి మనిషి, నూలు చీర, మెడలో సన్నని గొలుసుకు చిన్న శిలువ. నన్ను ఏం చదువుకున్నావని అడగలేదు. గాలిపటాలు చేసే పల్చటి రంగు కాగితం ఒకటి, కత్తెర ఒకటి చేతికిచ్చి, మడతపెట్టి కత్తిరించమన్నారు. గోడల మీద అలాంటి కాగితపు తోరణాలే వేలాడుతున్నాయి. ఒక్కో దాంట్లో చుక్కలు, పలకలు, అర్ధచంద్రాలు, పువ్వులు. మెక్సికోలో పండగలకు వీధికి అడ్డంగా కట్టే తోరణాలట, పేరు పపెల్ పికాదో. నేను నాలుగు మడతలు పెట్టి ధైర్యంగా కత్తెర వేశాను. విప్పితే కాగితం రెండు ముక్కలై ఒకటి నా ఒళ్ళో, ఒకటి ఆవిడ కాళ్ళ దగ్గర పడింది.

"ఏటమ్మా హారికా, తోరణం చెయ్యమంటే తొక్కలు తీసీసేవు?"

"ఇది ఆధునిక కళ, ఆంటీ."

"అలాగా? అయితే పిల్లలకి చూపించకు, జడుసుకుంటారు." కాసేపు ఆ ముక్కల్ని అటూ ఇటూ తిప్పి చూసి అన్నారు, "రేపట్నుంచి వచ్చీయ్. పాడైపోయినా మొహం ముడుచుకోలేదు నువ్వు. నాకది చాలు."

మెక్సికో ఎక్కడ, వైశాలి నగర్ ఎక్కడ అని మీకు అనుమానం రావాలి. రూతమ్మగారి భర్త డానియేలు గారు ఇక్కడి ప్లాంటులో రోలింగ్ మిల్లులో పనిచేశారు. మానేశాక ఒక కాంట్రాక్టు మనిషి ఆయనను ఉత్తర మెక్సికోలో ఒక ఉక్కు మిల్లుకు తీసుకెళ్ళాడు. వెనకే రూతమ్మగారు వెళ్ళారు. ఏడేళ్ళున్నారు. మొదటి ఏడాది భాష రాక, తలుపేసుకుని ఇంట్లోనే కూర్చునేవారట. పక్కింటి దోన్యా లూపే తన పెరట్లో వీధిలోని పిల్లల్ని చూసుకునేది. దోన్యా అంటే మన 'గారు' లాంటిదే, కాకపోతే పేరుకు ముందొస్తుంది. ఒకరోజు ఆమె గోడ మీద నుంచి రొట్టెల పిండి ముద్ద ఒకటి చేతికిచ్చి రమ్మని సైగ చేసింది. మొక్కజొన్న పిండితో చేసే ఆ రొట్టెను తోర్తియ్యా అంటారు. పిల్లలతో కలిసి దాన్ని అరచేతుల మధ్య తట్టుకుంటూ రూతమ్మగారు భాష నేర్చుకున్నారు. "నాది మూడేళ్ళ పిల్లల స్పానిషమ్మా. పెద్దోళ్ళతో మాట్లాడితే నా బుగ్గ గిల్లి పంపించీసేవోరు" అనేవారు. డానియేలు గారు తిరిగొచ్చిన రెండేళ్ళకు కాలం చేశారు. ఆ తర్వాత ఆవిడ ఈ బడి పెట్టారు. పిల్లలు ఆవిడను 'మాయెస్త్రా' అని పిలిచేవారు. టీచర్ అని అర్థం. నన్ను మామూలుగా దీదీ అనేవారు. నాకు విదేశీ హోదా దక్కలేదు.

ఆవిడ పాఠంలో చేయి ముందు, మాట వెనక. పలక మీద బొమ్మ గీసి పేరు చెప్పడం ఉండేది కాదు. ప్రతి పిల్లకూ ఒక పిండి ముద్ద. తట్టి వెడల్పు చేసి, వేలితో అంచు చుట్టూ తిరిగొచ్చాక, బయలుదేరిన చోటికే వేలు చేరాక, అప్పుడు మెల్లగా "సిర్కులో" అనేవారు. కాలిన రొట్టెను సగానికి మడిస్తే "మెదియా లూనా", అర్ధచంద్రుడు. మళ్ళీ మడిచిన రోజు ఆవిడ త్రియాంగులో అనబోతుంటే గుంజన్ అనే నాలుగేళ్ళ పిల్ల లేచి నిలబడింది.

"నహీ మాయెస్త్రా. త్రియాంగులో కాదు ఇది. దీని పొట్ట మోటాగా ఉంది."

నిజమే. మూడో పక్క వంపు తిరిగి ఉంది. ఆరేళ్ళు మెక్సికోలో, ఆరేళ్ళు ఇక్కడ ఆ రొట్టెను త్రిభుజమని చెప్పుకుంటూ వచ్చిన రూతమ్మగారు దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని చూశారు. పాఠం ఆపేశారు. మిగతా పదిహేను మంది చేతా గుంజన్‌కు చప్పట్లు కొట్టించారు. ఆ మధ్యాహ్నం "దోన్యా లూపేకి ఎలాగ చెప్తాను, ఆవిడ మనసు కష్టపెట్టుకుంటాది" అని నాతో నిజంగా బాధపడ్డారు.

ఇంగ్లీషులోనే చెప్పొచ్చు కదా ఆంటీ అని ఒకసారి అడిగాను. "ఇంగ్లీషంటే ఇంజనీరు గారి అబ్బాయికి ఇంట్లోనే వచ్చీసుంటాది. గుంజన్‌కి రాదు. మొదటి రోజే ఆ పిల్ల వెనక బెంచీకి వెళ్ళిపోతాది. సిర్కులో అంటే మాత్రం ఎవరికీ తెలీదు. అందరూ ఒక్క మెట్టు మీదే నిలబడతారు" అన్నారు. గుంజన్ నాన్న అప్పలరాజు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసేవాడు. పిల్లను ఒక పెద్ద ఇంగ్లీషు బడిలో చేర్పించాలని ఆయన పట్టుదల. ఆ బడిలో ఆ ఏడాది కాకపోతే తర్వాత ఆ వయసుకు సీటు ఉండదు. మాకు కనిపించినప్పుడల్లా ఆయన అడిగేది ఒక్కటే, "మా గుంజన్‌కి ఒస్తాదంటారా?"

ఇక్కడ నా ఘనకార్యం. ఒకరోజు రూతమ్మగారు లోపల రొట్టెలు కాలుస్తుంటే ఇంజనీరు గారి అబ్బాయి "దీదీ, దీన్ని సర్కిల్ అంటారు" అని గొడవ పెట్టుకున్నాడు. నేను చాలా గంభీరంగా, "సర్కిల్ అనేది చిన్నపిల్లల ఇంగ్లీషు. సిర్కులో పెద్దవాళ్ళ ఇంగ్లీషు. కొందరికి ఎంత పెద్దయినా రాదు పాపం" అన్నాను. ఎవరూ నవ్వలేదు. జోకు పేలలేదనుకుని మర్చిపోయాను. పేలడానికి మూడు వారాలు పట్టింది.

పెద్ద బడిలో పిల్లలకు ఇంటర్వ్యూ చేయకూడదు కాబట్టి 'ఇంటరాక్షన్' చేస్తారు. తేడా ఏమిటంటే బిస్కెట్ ఇస్తారు. అక్కడి మేడమ్ గుండ్రటి అట్టముక్క చూపించింది. గుంజన్ "సిర్కులో" అంది. కాదు బేటా, సర్కిల్ అంది మేడమ్. గుంజన్ ఆమె వంక జాలిగా చూసి, "అది చిన్నపిల్లల ఇంగ్లీషు మేడమ్. ఫికర్ మత్ కరో, మీకూ వచ్చేస్తుంది" అని ధైర్యం చెప్పింది. కాగితం మీద 'ఇంకో ఏడాది ఆగాలి' అని రాసి పంపారు.

మర్నాడు అప్పలరాజు షిఫ్టు దిగి నేరుగా మా బడికి వచ్చాడు. కనురెప్పల మీద కూడా సిమెంటు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"మేడంగారూ, నాను సదూకోలేదు. అందుకే మీకాడ ఏసినాను. నా పిల్లకి ఏటి నేర్పినారండీ? పెద్దోళ్ళ ఇంగ్లీసంట, ఏటది?"

రూతమ్మగారికి ఏమీ అర్థం కాలేదు. నా వైపు చూశారు. నా మొహంలో సమాధానం చదివేశారు. నేను నోరు తెరిచేలోపే ఆయనవైపు తిరిగి, "తప్పు మా బడిదే, తమ్ముడూ. నేనే సరిచేస్తాను. నాలుగు రోజులు టైమియ్యి" అన్నారు. నేను గోడకున్న తోరణాన్ని చూస్తూ నిలబడ్డాను.

ఆయన వెళ్ళాక అడిగారు. "ఎందుకలా చెప్పేవు?"

"నవ్వుతారని, ఆంటీ."

"నవ్వేరా?"

"లేదు. నమ్మారు."

తిట్టలేదు. పీట లాక్కుని కూర్చున్నారు. "నువ్వే చేసేవని ఆయనకి చెప్తే కోపం నీ మీద తీరిపోయేది. తీరేక ఇంటికెళ్ళి పడుకునీవోడు. గుంజన్ సీటు సంగతి అక్కడే ఉండిపోయేది. ఇప్పుడు కోపం తీరడం కాదు మనకి కావల్సింది." తర్వాత ఇంకో మాట అన్నారు. "పిల్లలకి జోకు చెప్పు. తప్పు లేదు. చెప్పేక అది జోకని చెప్పు. లేపోతే ఆళ్ళు దాన్ని మోసుకు తిరుగుతారు."

ముందు గుంజన్‌కు చెప్పాలి. పెద్దల ముందు తప్పు ఒప్పుకోవడం తేలిక, వాళ్ళు పూర్తిగా వినరు. నాలుగేళ్ళ పిల్ల వింటుంది. నేను నేల మీద కూర్చుని, పెద్దవాళ్ళ ఇంగ్లీషనేది లేదని, నేను అబద్ధం చెప్పానని అన్నాను.

"అయితే సిర్కులో ఝూటా?"

"కాదు. అది నిజం. చాలా దూరంలో ఒక ఊళ్ళో అంటారు."

"అక్కడ చిన్నపిల్లలు ఏమంటారు?"

"వాళ్ళూ సిర్కులో అనే అంటారు."

"అయితే వాళ్ళు హోషియార్" అని, తన చేతిలోని రొట్టెను సగం చింపి నాకు పెట్టింది. క్షమించిందో, ఆకలి లేదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆ మధ్యాహ్నం రూతమ్మగారు ఇస్త్రీ చీర కట్టుకుని నన్ను పెద్ద బడికి తీసుకెళ్ళారు. "నోరు నువ్వే విప్పాల" అన్నారు. విప్పాను. పిల్ల తప్పు చెప్పలేదు, నేను నేర్పిన అబద్ధం చెప్పింది, ఇంకోసారి చూడండి అన్నాను. మేడమ్ కళ్ళజోడు సవరించుకుని, మీరు స్పానిష్ టీచరా అని అడిగింది. కాదు మేడమ్, బ్యాంకు పరీక్ష ఫెయిల్ అన్నాను. పక్కన రూతమ్మగారికి దగ్గు వచ్చింది. గురువారం తీసుకురమ్మన్నారు.

మధ్యలో దొరికిన రెండు రోజుల్లో ఆవిడ పాఠం మార్చేశారు. స్పానిష్ తీసేస్తారనుకున్నాను. తీయలేదు. ప్రతి మాటకూ దాని మనిషిని చేర్చారు. రొట్టె పైకెత్తి, "సిర్కులో, ఇది దోన్యా లూపే మాట. సర్కిల్, ఇది బడిలో అడిగే మాట. మరి మీ అమ్మ ఏమంటుంది?" గోల్ అన్నారు, గుండ్రం అన్నారు, ఒక పిల్లాడు మా అమ్మ "తిను" అంటుందన్నాడు. అదీ ఒప్పుకున్నారు.

గురువారం మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. బయటికొచ్చాక గుంజనే చెప్పింది. అన్నిటికీ బడిలో అడిగే మాటే చెప్పిందట. చివర్లో మాత్రం, "మేడమ్, మీ అమ్మ దీన్నేమంటారు?" అని అడిగిందట. మేడమ్‌ది కేరళ. "వట్టం" అందట. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయని రాయాలని నాకు చాలా ఉంది. తర్వాత ఏమైందని గుచ్చి గుచ్చి అడిగాను. "తర్వాత మేడమ్ చాయ్ తాగింది" అంది గుంజన్.

మొదటి జాబితాలో పేరు లేదు. రెండో జాబితాలో వచ్చింది. అది నా నిజాయితీ ఫలమనీ, రూతమ్మగారి ఇస్త్రీ చీర మహిమనీ మేము కొన్నాళ్ళు మురిశాం. ఎవరో పిల్లాడి నాన్నకు బదిలీ అయి సీటు ఖాళీ అయిందని ఆ బడి ప్యూన్ చెప్పాడు.

ఆ సాయంత్రం అప్పలరాజు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. "సీటొచ్చీసిందమ్మా" అన్నాడు. నేను ముందుకెళ్ళి ఆ అబద్ధం నాదేనని చెప్పాను. ఆయన నన్ను చూసి, "తెలుసమ్మా, గుంజన్ సెప్పింది" అన్నాడు. వెళ్తాడనుకుంటే వెళ్ళలేదు. తలపాగా తువ్వాలు విప్పి నలుపుతూ, "ఆ సిర్కులో ఏటో నాకూ ఓపాలి సెప్పండి. ఇంటికాడ అన్నీ అడుగుతాది. నానేటి సెప్పాల?" అన్నాడు. రూతమ్మగారు నవ్వలేదు. ఆయన చేతిలో కూడా ఒక పిండి ముద్ద పెట్టారు. పెద్ద చేతులు, పగిలిన వేళ్ళు, గోళ్ళ కింద బూడిదరంగు. ఆయన తట్టి, అంచు చుట్టూ వేలు తిప్పి, బయలుదేరిన చోటికి వచ్చాక ఆవిడ మెల్లగా మాట చెప్పారు. "నాన్నా, మూతి గుండ్రంగా పెట్టు" అని గుంజన్ సరిదిద్దింది.

ఇంతసేపూ ఆవిడ గురించి 'అనేవారు, చేసేవారు' అంటున్నాను కాబట్టి ఆవిడ పోయారని అనుకుని ఉంటారు. లేదు. మోకాళ్ళకు ఆపరేషన్ చేయించుకుని భీమిలిలో చెల్లెలి దగ్గర ఉన్నారు. బడి నాకప్పగించారు. ఆదివారం ఫోన్ చేసి, "ఈ వారం పిల్లలకి ఏటి అబద్ధాలు చెప్పేవు?" అని అడుగుతారు. చెబుతాను. వాటిలో ఎన్ని విప్పి చెప్పానో కూడా అడుగుతారు. ఇప్పుడు పిల్లల ముందు ఏ జోకు వేసినా చివర చెయ్యెత్తి "జోకు" అంటాను. దాంతో జోకు చచ్చిపోతుంది. అయినా అంటాను. పెద్దవాళ్ళ దగ్గర కూడా ఒక్కోసారి నాకు తెలియకుండానే చెయ్యి లేస్తుంది. కొత్తగా ఏ మాట నేర్పినా అది ఎవరిదో చెప్పకుండా ముందుకు పోలేను. దోన్యా లూపేను నేనెప్పుడూ చూడలేదు. రోజుకు నాలుగుసార్లు మాత్రం ఆవిడ పేరు తలుస్తాను.

గుంజన్ ఇప్పుడు రెండో తరగతి. మా కింది పోర్షన్‌లో ఉండేది వాళ్ళే. బడి బస్సు పొద్దున ఆరూ నలభైకి వస్తుంది. రెండు నిమిషాలు ఆలస్యమైనా ఆగదు.