ఎర్ర పోగు కట్టిన థర్మామీటర్

మొన్న పొద్దున మా సందులో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. కరెంటు పోయిందనుకుని పైకి చూశాను. ఫ్యాను తిరుగుతూనే ఉంది. అప్పుడు భయమేసింది. షోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో కరెంటు ఉండగా పవర్‌లూములు ఆగాయంటే ఎవరో పోయినట్టే. పోయింది మా పక్కింటి సార్, తెలుగు బడిలో నాకు సైన్స్ చెప్పినాయన.

సార్ దేన్నీ 'చాలా వేడి' అననిచ్చేవారు కాదు. చాయ్ అయినా, ఎండ అయినా "ఎంత?" అని అడిగేవారు. ఉష్ణోగ్రత అనే మాటలో ఉగ్రత దాగి ఉందని ఆయన చూపించాకే నాకు మాటల మీద ఇష్టం మొదలైంది.

కిందటి ఎండాకాలం మా తమ్ముడి ఒళ్లు కాలిపోయింది. పాత థర్మామీటర్ పగిలిపోతే నాన్న కొత్తది తెచ్చారు. దాంట్లో నలభై వచ్చింది. బీడీలు చుడుతున్న అమ్మ ఊపిరి పీల్చుకుంది. వంద దాటితేనే తాప్, అంటే జ్వరం, అని మా ఇళ్లలో లెక్క. "ఊర్ల ఎండే నలభై మూడుందట. వీనికి నలభయ్యే. తాప్ లేదు తియ్," అని మళ్లీ ఆకు అందుకుంది. నేనూ తలూపాను.

పేపరు ఇవ్వడానికి వచ్చిన సార్, మా తమ్ముడి నుదురు ముట్టుకుని, థర్మామీటర్ అందుకున్నారు. వెలుతురుకు తిప్పి చూశారు. "అంకె పక్కన అక్షరం చూడలేదా బిడ్డా? ఇది సెల్సియస్. మనం లెక్కవెట్టే ఫారెన్‌హీట్‌ల నూట నాలుగు."

అమ్మ ఒళ్లోని చేట జారిపడింది. తడిగుడ్డ కప్పి వాణ్ని రిక్షాలో తీసుకుపోయాం. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టర్ చెప్పబోతే అమ్మ వినలేక బయటికి వచ్చేసింది.

వాడు కోలుకున్నాక సార్ ఒక ఎర్ర పోగు తెచ్చి ఆ అక్షరం పక్కనే చుట్టి ముడివేశారు. నేతలో తప్పు పడ్డచోట గుర్తుకు మావాళ్లు అలాగే కడతారు. "రెట్టింపు చెయ్యి, దాంట్ల పదో వంతు తియ్యి, ముప్పై రెండు కలుపు," అని నేర్పారు. నాకు భయమేస్తోందన్నాను. "ఉండాలె. భయముంటెనే రెండోసారి చూస్తం," అన్నారు. ముడి సరిగ్గా పడిందో లేదో ఆయనా రెండోసారి చూసుకున్నారు.

మీ ఇంట్లో ఉన్నదాన్నీ ఒకసారి చూడండి. ముందు అక్షరం, తర్వాత అంకె.

నిన్న తమ్ముడి ఒళ్లు మళ్లీ వెచ్చబడింది. అక్షరం చదివాను, సెల్సియస్. అంకె ముప్పై తొమ్మిది. రెట్టింపు చేసి, తీసి, కలిపాను. నూటరెండు దాటింది. మళ్లీ చేశాను. అంతే వచ్చింది. "అమ్మా, రిక్షా పిలువు," అన్నాను. అమ్మ లేచి పరుగెత్తింది. నేను మాత్రం అలవాటుగా, సార్ వచ్చి నిలబడే గుమ్మం వైపు తిరిగి, సరేనా అని అడుగుతున్నట్టు థర్మామీటర్ పైకెత్తి పట్టుకున్నాను. గుమ్మంలో ఎవరూ లేరు. ఫ్యాను గాలికి ఎర్ర పోగు కొస కదులుతోంది.