మామా మాత్రలు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది. కువైట్‌లో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో, మత్తుమందులకు అలవాటుపడ్డ ఆడవాళ్ల వార్డులో నేను స్టాఫ్ నర్సుని. మాది అమలాపురం దగ్గర. ఆ వార్డులో చేరి అప్పటికి ఆరేళ్లు. మనిషిని చూడగానే అర్థమైపోతుందనుకునేదాన్ని.

ఒక ఉదయం ఎమర్జెన్సీ నుంచి రెడ్డెమ్మను పంపారు. పేరు మార్చి రాస్తున్నాను. రాయచోటి వైపు మనిషి, నలభై దాటాయి. హవల్లీ పేటలో ఒక ముసలి మామా ఇంట్లో తొమ్మిదేళ్లుగా పని. ఇంటి యజమానురాలిని అక్కడ మామా అని పిలుస్తారు. రెండు రోజులుగా చెమటలు, వణుకు, ఆగని ఆవులింతలు, కడుపులో మెలిపెట్టే నొప్పి. ఇంటివాళ్లు జ్వరమనుకున్నారు. మేం దాన్ని విత్‌డ్రాయల్ అంటాం. ఓపియాయిడ్లు, అంటే నల్లమందు జాతి నొప్పి మాత్రలు, అలవాటైన ఒంటికి ఉన్నట్టుండి అందకపోతే పడే యాతన అది.

"రోజుకి ఎన్ని మాత్రలు?" అన్నాను, ఫారంలోంచి తలెత్తకుండా.

"నేనేం మింగలేదు సిస్టరమ్మా" అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఎన్నిసార్లు అడిగినా అదే మాట. మూడో రోజు ఒళ్లు తుడుస్తుంటే నడుం దగ్గర నా చెయ్యి తగిలి కెవ్వుమంది. తువ్వాలు పక్కన పెట్టి కూర్చున్నాను. "ఎప్పట్నుంచమ్మా ఈ నొప్పి?"

ఆ మాటకి బావురుమంది. మామాకి తుంటి ఎముక విరిగాక, మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి బాత్రూముకి తనే ఎత్తేదట. నడుం పట్టేసింది. చెబితే పని పోతుందని భయం.

"మామా మాత్ర ఒకటి మింగితి. నొప్పి తెలీకుండా పాయె. ఇంగ రోజూ తీసుకొంటి. మాత్రలు సాలక ఆయమ్మ మూలుగుతాంటే, ఇనుకుంటా పక్కనే ఉంటి సిస్టరమ్మా."

ఈమధ్య డాక్టరు మామాకి మాత్రలు మాన్పించి, ఒంటికి అతికించే ప్యాచ్ రాశాడు. దాంతో ఈమెకీ దొరకలేదు.

పేషెంటు చెప్పింది మేం బయటికి పోనివ్వం. ఆ సంగతే చెప్పాను. తల అడ్డంగా ఊపింది. "మామాకి నేనే చెప్తా. నోరు పెగలకుంటే నువ్వు చెప్పు."

మామా చక్రాల కుర్చీలో కూతురితో వచ్చింది. రెడ్డెమ్మ తనకొచ్చిన అరబ్బీలో చెప్పడం మొదలుపెట్టింది. సగంలో ఆగి నావైపు చూస్తే నేను అందుకున్నాను.

ముసలావిడ మొహం ఎర్రబడింది. "మాత్రలు తగ్గుతుంటే నాకే మతిపోతోందనుకున్నాను. మింగి మర్చిపోతున్నానని ఎంత హడలిపోయానో నీకు తెలుసా?"

రెడ్డెమ్మ ఆమె మోకాళ్ల మీద తల పెట్టేసింది. ఆవిడ చేతులు చాలాసేపు కుర్చీని పట్టుకునే ఉన్నాయి. తర్వాత ఒక చెయ్యి మెల్లగా రెడ్డెమ్మ నడుం మీదికి వచ్చింది. "ఇక్కడేనా?" అంది. రెడ్డెమ్మ తలూపింది. "ఇలాంటి నడుంతో నన్నెత్తావా? ఇక ఖలాస్, అయిందేదో అయిపోయింది. బాగై ఇంటికి రా."

డాక్టరు వేరే మందు మొదలుపెట్టి, మోతాదు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చాడు. దాన్నే టేపర్ అంటారు. నడుముకి ఫిజియోథెరపీ చేయించాం. కొన్ని వారాలు పట్టింది. ఇంట్లో మనిషిని ఎత్తే యంత్రం కొన్నారు. మందుల బీరువాకి తాళం వెయ్యమన్నది రెడ్డెమ్మే. "చెవి మాత్రం నాకియ్యాకండి" అందట.

ఇప్పుడు వార్డులోకి ఎవరొచ్చినా ఫారం తెరవకముందే ఎక్కడ నొప్పని అడుగుతాను. కొందరికి నొప్పి మనసులోనే, చూపించడానికి ఒంటి మీద చోటుండదు. ఎవరినో పోగొట్టుకుని ఉంటారు. అయినా ఎక్కడా అని ఆలోచిస్తారు. ఆ ఆలోచించే కాసేపూ వాళ్లు నా కళ్లకి దొంగల్లా కనబడరు. రెడ్డెమ్మ మొదటి రెండు రోజులూ దొంగలాగే కనబడిందని ఒప్పుకోవడానికి నాకు సిగ్గుగానే ఉంది.