మేస్త్రీ గారు నాతో ఆడిన అబద్ధం

పోయిన గురువారం మా సైకిల్ మేస్త్రీ గారు చనిపోయారని తెలిసింది. నాకు తెలిసేసరికే మట్టి చేసి మూడు రోజులయింది. దొరవారిసత్రం వైపు నుంచి గూడూరుకు రైల్లో చేపలు తెచ్చే ఆమె మా వాకిట్లో గంప దించి, బేరం మధ్యలో చెప్పింది.

"నీ బండి బాగుచేసే మేస్తిరి లేడమ్మా. పోయినాడు."

ఆ ఆదివారం ఆయన దగ్గరికే వెళ్దామనుకుంటున్నాను, పోట్లాడటానికి. ఆయన నాతో అబద్ధమాడారు. పదేళ్ళ పరిచయంలో అదొక్కటే. ఎందుకాడారో అడిగి తేల్చుకుందామనుకున్నాను. అడగాల్సిన మనిషి లేకుండా పోయాడు.

యాభైల చివర్లో నేను గ్రామసేవికగా చేరాను. దొరవారిసత్రం చుట్టుపక్కల ఊళ్ళు తిరగడానికి సైకిలు తప్పదు. తొక్కడం ట్రైనింగులో నేర్పారు, కొనడం ఎవరూ నేర్పలేదు. గూడూరులో ఒక షాపుకు వెళ్ళాను. అప్పట్లో కొత్త సైకిలు విడి సామానుగా పెట్టెలో వచ్చేది, మేస్త్రీ బిగించి ఇచ్చేవాడు. మిగతా షాపుల్లో ఆ పని లోపలి గదిలో జరిగేది. ఈ షాపులో పనిచేసే మా మేస్త్రీ గారు మాత్రం కొనేవాళ్ళను ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, వాళ్ళ ముందే గోనెపట్టా పరిచి, సామాను రెండు వరసలుగా పేర్చేవారు. కంపెనీవి ఒక వరస, ఎక్కడివో తెలియనివి ఒక వరస. అడిగితే తప్ప నోరు విప్పేవారు కాదు.

నేను అడిగాను. అంతా కంపెనీ సామానేనని యజమాని పక్కనే నిలబడి చెబుతున్నాడు. నేను వినకుండా, "మీరు చెప్పండి మేస్త్రీ గారూ" అన్నాను.

"పేరు ఫ్రేము మీద ఉండాది అమ్మణ్ణీ. బరువు మోసేది ఇరుసు. ఆ ఇరుసు ఈ కంపెనీది కాదు. చైనూ కాదు, పెడల్సూ కాదు. నువ్విచ్చే రేటు మాత్రం అన్నీ వాళ్ళవే అయినట్టు ఇస్తా ఉండావు."

నా వెనక నిలబడ్డ రైతు తువ్వాలు దులుపుకుని బయటికి నడిచాడు. మేస్త్రీ గారి కొలువు ఆ సాయంత్రమే పోయింది. ఇక నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, అదంతా విని కూడా ఆ సైకిలే కొన్నాను. మడ్గార్డుకు ఆకుపచ్చ రంగు, దాని మీద బంగారు గీత. సోమవారం డ్యూటీలో చేరాలి. ఈ మాట రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మొదటి వానాకాలంలోనే వెనక చక్రం బిగుసుకుపోయింది. దొరవారిసత్రం దాకా తోసుకుంటూ వెళ్తే, స్టేషను రోడ్డులో ఒక పూరిపాక కింద ఆయనే కూర్చుని ఉన్నారు. గూడూరులో మరే షాపువాడూ పని ఇవ్వలేదట. నా తల కొట్టేసినట్టయింది. ఆయన ఆ సంగతే ఎత్తలేదు. సైకిలు తలకిందులుగా నిలబెట్టి, చక్రం తిప్పి, కళ్ళు మూసుకుని ఇరుసు దగ్గర చెవి పెట్టారు. చక్రం దానంతటది ఆగేదాకా ఆయన మాట్లాడరు, ఇంకొకర్ని మాట్లాడనివ్వరు.

"రంగు కంటి కోసం పూసేది. పని చెవికి తెలస్తాది" అన్నారు.

ఆ తర్వాత ఐదారేళ్ళలో, విరిగిన పాత సైకిళ్ళలోంచి మంచి సామాను ఏరి, ఒక్కొక్కటే నా బండికి మార్చుకుంటూ వచ్చారు. మొదట పెడల్సు, తర్వాత చైను, చివరికి ఇరుసు. అంతా అయ్యాక, "ఇప్పుడు నీ బండిలో పేరొక్కటే అబద్ధం" అని నవ్వారు.

ఆయన భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. నేనూ ఒంటిదాన్నే. ఏ ఊరికెళ్ళినా ఒక మూలగది ఇచ్చి, పెళ్ళెందుకు కాలేదని అడిగేవాళ్ళు. ఆ పాకలో ఎవరూ అడిగేవాళ్ళు కాదు. పక్క అంగడి నుంచి టీ తెప్పించుకుని, ఇద్దరం మాటలు లేకుండా తాగేవాళ్ళం. మీ కొలువు నా వల్ల పోయింది, క్షమించండి అని చెప్పాలని ఎన్నిసార్లు వెళ్ళానో. వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒక నట్టు బిగించమని అడిగి వచ్చేశాను.

కిందటేడు నన్ను గూడూరుకు మార్చారు. పాత సైకిలు నా చోటికి వచ్చిన అమ్మాయికి ఇచ్చేసి, ఈ ఎండాకాలంలో కొత్తది కొన్నాను. రైల్లో సామాన్లు వేసే బ్రేకు వ్యానులో వేయించి మరీ తీసుకెళ్ళి ఆయనకు చూపించాను. ఆయన చక్రం తిప్పారు. సగంలోనే అరచెయ్యి అడ్డం పెట్టి ఆపేశారు.

"మంచి బండి అమ్మణ్ణీ. అంతా కంపెనీ సామానే."

పరీక్ష పాసైన పిల్లలా పొంగిపోయాను. తర్వాత నాలుగు నెలలు పని ఒత్తిడిలో అటు వెళ్ళనే లేదు. కబురు రావడానికి రెండు రోజుల ముందు గూడూరు కుర్ర మేస్త్రీ ఒకడు గ్రీజు పెట్టడానికి వెనక చక్రం విప్పి, లోపలి ఇరుసు కంపెనీది కాదన్నాడు. మా మేస్త్రీ గారు చూశారని వాడితో గట్టిగా వాదించాను. వాడు చక్రం తిప్పి వినిపించాడు. గరగరమని నాకే వినిపించింది. ఆయనకు వినపడకుండా ఉంటుందా.

ఆదివారం ఎలాగూ వెళ్ళాను. పాక తడిక తాడుతో కట్టేసి ఉంది. పక్క టీ అంగడి అక్క నన్ను చూసి, లోపలి నుంచి ఒక కాగితం పొట్లం తెచ్చి చేతిలో పెట్టింది.

"నువ్వొచ్చి పోయిన దినం అడిగినా, బండి ఎట్టా ఉండాది మేస్తిరీ అని. బాగలేదన్నాడు. మరి ఆయమ్మకు చెప్పలేదేందన్నా. ఇన్నేండ్లకు నవ్వతా వచ్చింది, చెప్పబుద్ధి కాలేదన్నాడు. ఈ తూరి వస్తే నూనె పోస్తానని చెప్పి మార్చేస్తాలే అన్నాడు. మదరాసు పోయేవాళ్ళతో చెప్పి తెప్పించినాడు దీన్ని. రైలు వచ్చినప్పుడల్లా స్టేషను తట్టు చూసేవాడమ్మా."

పొట్లం విప్పాను. వెనక చక్రం నడుమ వేసే కొత్త హబ్బు, ఇరుసుతో సహా. గ్రీజు కూడా ఆయనే పెట్టి ఉంచారు.

పాక ముందు కూర్చుని, ఇరుసు రెండు కొసలూ వేళ్ళతో పట్టుకుని హబ్బును తిప్పాను. చప్పుడు లేకుండా తిరిగింది. మధ్యాహ్నం రైలు వచ్చింది. నలుగురు దిగి ఎవరి దారిన వాళ్ళు పోయారు. నేను దాన్ని తిప్పుకుంటూ అక్కడే కూర్చున్నాను.